సమ్మె నోటీసు ఇచ్చే ముందు, ఇచ్చిన తర్వాత: లేబర్ ఆఫీసు చర్చలకు వెళ్లే కార్మికులు ఏం చేయాలి

చీమకుర్తి దగ్గర ఒక గ్రానైట్ పాలిషింగ్ ఫ్యాక్టరీలో పన్నెండేళ్లు మిషన్ మీద పనిచేశాను. 2011 దసరా ముందు మాకు బోనస్ గొడవ వచ్చింది. ఒక పొద్దున టీ తాగి వచ్చి, 64 మందిమి మిషన్లు ఆపేసి గేటు బయట వేపచెట్టు కింద కూర్చున్నాం. ఎవరికీ ముందుగా ఒక్క కాగితం ముక్క ఇవ్వలేదు. నాలుగో రోజు మేమే లోపలికి వెళ్లాల్సి వచ్చింది. నెలాఖరున జీతం కవర్ విప్పి చూస్తే పని మానేసిన మూడు రోజులే కాదు, దాని మీద ఇంకో ఎనిమిది రోజుల జీతం కోసేసి ఉంది. పదిమందో అంతకంటే ఎక్కువమందో కూడబలుక్కుని నోటీసు లేకుండా పని మానేస్తే ఎనిమిది రోజుల దాకా కోయొచ్చని చట్టంలో ఉంది, మీ నియామక షరతుల్లోనూ ఉంది అన్నారు. నిజంగానే ఉంది. ఆ షరతుల కాగితం మీద సంతకం పెట్టాం గానీ చదివినవాళ్లం ఒక్కరం లేం.

ఆ నెల ఇంట్లో బియ్యం అప్పు తెచ్చుకున్నాం. తర్వాత సంఘం పనిలోకి వచ్చి ఒంగోలులోనూ నెల్లూరులోనూ చాలాసార్లు చర్చలకు కూర్చున్నాను. గ్రానైట్ వాళ్ల తరఫున, రొయ్యల షెడ్లలో పనిచేసే ఆడవాళ్ల తరఫున, పొగాకు గ్రేడింగ్ వాళ్ల తరఫున. సమ్మె చేయాలా వద్దా అన్నది మీరందరూ కూర్చుని తేల్చుకోవాల్సిన సంగతి. చేయాల్సి వస్తే మాత్రం అనవసరంగా ఒక్కరోజు జీతం కూడా పోకుండా, ఒక్కరి మీద కూడా కేసు పడకుండా ఎలా చేయాలో ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక ముఖ్యమైన మార్పు చెప్పాలి. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం కింద సమ్మెకు ముందస్తు నోటీసు రవాణా, నీళ్లు, కరెంటు లాంటి ప్రజావసర సేవలకే తప్పనిసరిగా ఉండేది. మామూలు ఫ్యాక్టరీకి చట్టం అంత పట్టు పట్టేది కాదు. 2025 నవంబర్ 21 నుంచి పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లోకి వచ్చింది. ఇప్పుడు ఏ పరిశ్రమలో అయినా నోటీసు లేకుండా చేసే సమ్మె చట్టవిరుద్ధమే. మన పెద్దవాళ్లలో చాలామందికి ఇంకా పాత లెక్కే గుర్తుంది. "మనది ప్రైవేటు ఫ్యాక్టరీ, నోటీసు అక్కర్లేదు" అని ఎవరైనా అంటే నమ్మకండి.

మొదటి అడుగు: మీ గొడవ ఏ రకమో తేల్చుకోండి

అన్ని గొడవలకూ సమ్మె మందు కాదు. ఒక్కరికి రెండు నెలల జీతం ఎగ్గొట్టారనుకోండి. అది వేతన క్లెయిమ్. మూడేళ్లలోపు సంబంధిత అధికారి దగ్గర వేసుకోవచ్చు. పనిలోంచి తీసేస్తే రావాల్సిన జీతం రెండు పని రోజుల్లో చేతికి రావాలి. నెల జీతమైతే తర్వాతి నెల 7లోపు. ఇవి రాకపోతే మీరు ఒక్కరే వెళ్లినా అర్జీ తీసుకుంటారు.

ఒక్కరిని ఉద్యోగంలోంచి తీసేసినా అది పారిశ్రామిక వివాదమే. సంఘం తోడు లేకపోయినా ఆ మనిషి రాజీ అధికారి (రెండు పక్షాలనూ కూర్చోబెట్టి మాట్లాడించే లేబర్ ఆఫీసరు) దగ్గరికి వెళ్లొచ్చు. కానీ గొడవ పుట్టి రెండేళ్లు దాటితే రాజీ ప్రక్రియ మొదలుపెట్టరు. "ఈ సీజన్ అయ్యాక చూద్దాంలే" అని మేస్త్రీ చెప్పే మాట విని రెండు సీజన్లు కూర్చుంటే దారి మూసుకుపోతుంది.

కూలి రేటు, బోనస్, షిఫ్టు గంటలు, ఓవర్‌టైమ్, పీఎఫ్ కట్టకపోవడం, కాంట్రాక్టరు మారగానే పాతవాళ్లను తీసేయడం లాంటివి అందరికీ సంబంధించిన గొడవలు. ఈ అడుగులన్నీ ప్రధానంగా వీటికోసమే.

రెండో అడుగు: ఏ ఆఫీసుకు వెళ్లాలి

ఇక్కడ మనవాళ్లు చేసే పొరపాటు చాలా ఖరీదైంది. నేనూ చేశాను.

చీమకుర్తిలో రాయి తవ్వే క్వారీ, ఆ రాయిని కోసి పాలిష్ పట్టే ఫ్యాక్టరీ ఒకే రోడ్డు మీద పక్కపక్కనే ఉంటాయి. చూడటానికి రెండూ గ్రానైటే. చట్టానికి మాత్రం క్వారీ ఒక గని. గనుల్లో పారిశ్రామిక వివాదాలు కేంద్ర ప్రభుత్వ పరిధిలోకి వస్తాయి, కాబట్టి కేంద్ర కార్మిక శాఖ సహాయ కమిషనర్ దగ్గరికి వెళ్లాలి. క్వారీలో కాంట్రాక్టరు కింద పనిచేసేవాళ్లదీ అదే దారి. పాలిషింగ్ ఫ్యాక్టరీ, రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటు, పొగాకు గ్రేడింగ్ గోడౌన్, రైసు మిల్లు ఇవన్నీ రాష్ట్ర కార్మిక శాఖ కిందికి వస్తాయి. కృష్ణపట్నం పెద్ద ఓడరేవే అయినా, చట్టం చెప్పే 'మేజర్ పోర్టు'ల జాబితాలో లేదు. అక్కడి గొడవ రాష్ట్రానిదే.

ఒకసారి క్వారీ వాళ్ల డిమాండ్ల పత్రం తెలియక రాష్ట్ర ఆఫీసులో ఇచ్చాం. మూడు వారాల తర్వాత "ఇది మా పరిధి కాదు" అని తిరిగొచ్చింది. తప్పు మాదే. కానీ ఆ మూడు వారాల్లో కాంట్రాక్టరు పదకొండు మందిని మార్చేశాడు. కేంద్ర పరిధిలోని వివాదాలను 'సమాధాన్' పోర్టల్ ద్వారా కూడా వేయొచ్చు. ఊళ్లో నెట్ సెంటర్ వాళ్ల సాయం తీసుకోండి, వేసిన నంబరు రాసి పెట్టుకోండి.

ఇంకొకటి. మన జిల్లాల్లో ఏ సమస్య వచ్చినా సోమవారం కలెక్టరేట్‌కు వెళ్లి అర్జీ ఇచ్చే అలవాటు ఉంది. ఇవ్వండి, మంచిదే, పై అధికారులకు విషయం తెలుస్తుంది. కానీ కలెక్టర్‌కు ఇచ్చిన అర్జీ సమ్మె నోటీసు కాదు, రాజీ ప్రక్రియకు దరఖాస్తూ కాదు. ఆ రసీదు చూపించి "మేం నోటీసు ఇచ్చాం కదా సార్" అంటే ఎక్కడా చెల్లదు.

మూడో అడుగు: ముందు లోపల అడగండి, రాతపూర్వకంగా అడగండి

20 మంది, అంతకంటే ఎక్కువ మంది పనిచేసే చోట ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. అందులో యాజమాన్యం వాళ్లు, కార్మికులు సమానంగా, మొత్తం పదిమందికి మించకుండా ఉంటారు. ఆడవాళ్లు ఎంతమంది పనిచేస్తున్నారో ఆ నిష్పత్తిలో వాళ్లకూ చోటు ఉండాలి. సింగరాయకొండ, టంగుటూరు వైపు రొయ్యల షెడ్లలో పొట్టు తీసేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే కదా, కమిటీలో ఎంతమంది ఉన్నారో అడగండి. చాలాచోట్ల "కమిటీయా, అదేంటి?" అంటారు. అలా అంటే ఆ మాటను కూడా మీ డిమాండ్ల పత్రంలో ఒక అంశంగా రాయండి. కమిటీ ఉంటే ఏడాదిలోపు ఫిర్యాదు చేసుకోవాలి, 30 రోజుల్లో తేల్చాలి. తేల్చకపోయినా, తేల్చింది నచ్చకపోయినా, 60 రోజుల్లోపు మీ సంఘం ద్వారా రాజీ అధికారి దగ్గరికి వెళ్లొచ్చు.

డిమాండ్ల పత్రం రాసేటప్పుడు కోపం పక్కన పెట్టి లెక్కలు రాయండి. "మా రక్తం పీలుస్తున్నారు" అని రాస్తే చదివేవాళ్లు ఊ కొట్టి పక్కన పెడతారు. "గత సంవత్సరం బోనస్ ఇవ్వలేదు, చట్టప్రకారం కనీసం 8.33 శాతం ఇవ్వాలి" అని రాస్తే జవాబు చెప్పక తప్పదు. ఎనిమిది పది డిమాండ్లు పెట్టి అందులో నాలుగు సరదాకి కలపొద్దు. చర్చల్లో ఆ నాలుగూ వదిలేసుకున్నట్టు నటించి అసలువి గెలుద్దాం అనుకుంటారు గానీ, అవతలివాళ్లు అసలువే వదిలించుకోవడానికి ఆ నాలుగింటినీ వాడుకుంటారు.

పత్రం ఇచ్చేటప్పుడు రెండో కాపీ మీద తేదీ, సంతకం, స్టాంపు వేయించుకోండి. వేయమంటే వేయకపోతే అదే రోజు స్పీడ్ పోస్టులో పంపండి. పోస్టాఫీసు ఇచ్చే చిన్న తెల్ల రసీదును జాగ్రత్తగా పెట్టుకోండి. ఎండకు అక్షరాలు ఎగిరిపోతాయి, ఫోటో తీసి పెట్టుకుంటే నయం.

సంఘం లేకపోతే? పెట్టుకోవడానికి ఏడుగురు చాలు. అయితే మీ పరిశ్రమలో పనిచేసేవాళ్లలో 10 శాతం గానీ 100 మంది గానీ, ఏది తక్కువైతే అంతమంది సభ్యులు ఉండాలి. జిల్లాలో ఉన్న ఏదో ఒక కార్మిక సంఘంలో చేరినా పని జరుగుతుంది. ఏ జెండా అన్నది మీ ఇష్టం. కానీ ఒకే ఫ్యాక్టరీలో మూడు జెండాలుంటే చర్చలకు ముందే మీరంతా ఒక చోట కూర్చోండి. 51 శాతం మంది మద్దతున్న సంఘానికే యాజమాన్యంతో బేరమాడే గుర్తింపు వస్తుంది. ఎవరికీ అంత లేకపోతే 20 శాతం ఉన్న సంఘాలతో ఒక కౌన్సిల్ ఏర్పాటవుతుంది. మనలో మనం కొట్టుకుంటుంటే యాజమాన్యం చల్లగా కాఫీ తాగుతూ కూర్చుంటుంది.

నాలుగో అడుగు: నోటీసు, తేదీల లెక్క

ఇది జాగ్రత్తగా చదవండి. నోటీసు ఇచ్చాక 14 రోజులు సమ్మె చేయకూడదు. నోటీసు ఇచ్చిన 60 రోజుల్లోపు చేయాలి. నోటీసులో మీరు రాసిన తేదీ కంటే ముందు చేయకూడదు. చర్చలు నడుస్తుండగా, ముగిసిన ఏడు రోజుల దాకా కూడా చేయకూడదు. ట్రిబ్యునల్‌లో, అంటే కార్మిక వివాదాలు విని తీర్పు చెప్పే చోట, కేసు ఉంటే అది నడిచినన్నాళ్లు, తర్వాత 60 రోజులు చేయకూడదు. ఒక అంశం మీద ఒప్పందం అమల్లో ఉంటే ఆ అంశం మీద చేయకూడదు.

అన్నీ కలిపి చూస్తే తల తిరుగుతుంది. ఒక ఉదాహరణ చెప్తాను. మార్చి 1న నోటీసు ఇచ్చారు. 14 రోజులు 15తో పూర్తవుతాయి. 60 రోజుల గడువు ఏప్రిల్ 30తో అయిపోతుంది. మధ్యలో రాజీ అధికారి మార్చి 10న మొదటి మీటింగ్ పెట్టారు. కొత్త చట్టంలో ఆ మొదటి మీటింగ్ తేదీతోనే రాజీ ప్రక్రియ మొదలైనట్టు లెక్క. సమ్మె నోటీసు మీద నడిచే రాజీ కాబట్టి 14 రోజుల్లో అధికారి రిపోర్టు ఇవ్వాలి, అంటే మార్చి 24. అక్కడి నుంచి ఏడు రోజులు, మార్చి 31. అందుకని నోటీసులో "ఏప్రిల్ 3గానీ ఆ తర్వాత ఏ రోజైనాగానీ" అని రాయడం క్షేమం. చివరి రోజుల అంచున నడవకండి. చర్చలు సాగి సాగి 60 రోజులు దాటిపోతే మళ్లీ కొత్త నోటీసు ఇవ్వండి, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

నోటీసు మీద సంఘం కార్యదర్శితో పాటు కార్మికులు ఎన్నుకున్న అయిదుగురు ప్రతినిధులు సంతకాలు పెట్టడం రివాజు. యాజమాన్యానికి ఒకటి, రాజీ అధికారికి ఒకటి, మీ దగ్గర ఒకటి. నోటీసు అందిన అయిదు రోజుల్లో ప్రభుత్వానికీ రాజీ అధికారికీ తెలియజేయాల్సిన బాధ్యత యాజమాన్యం మీద కూడా ఉంది. కానీ వాళ్ల మీద వదిలేయకండి.

క్వారీల్లో, పాలిషింగ్‌లో ఒడిశా, బీహార్, రాజస్థాన్ నుంచి వచ్చినవాళ్లు చాలామంది ఉంటారు. నోటీసు తెలుగులోనే రాసి వాళ్ల చేత వేలిముద్రలు వేయించి పంపేయడం అన్యాయం. దానిలో ఏముందో వాళ్లకు అర్థమయ్యే భాషలో ఒక్కసారి చదివి వినిపించండి. మా దగ్గర హిందీ వచ్చిన ఒక కుర్రాడు గేట్ మీటింగ్‌లో ప్రతి పేరా ఆపి ఆపి చెప్పేవాడు. సమ్మె రోజు ఒక్క ఒడియా కార్మికుడూ లోపలికి వెళ్లలేదు.

ఇంకో పాత అలవాటు కూడా మానుకోవాలి. "సమ్మె అని ఎందుకు, అందరం ఒకేరోజు సెలవు పెడదాం" అంటారు. కొత్త చట్టంలో సగం మంది, అంతకంటే ఎక్కువ మంది కూడబలుక్కుని ఒకే రోజు క్యాజువల్ లీవ్ పెడితే అది సమ్మె కిందే లెక్క. నోటీసు లేకపోతే చట్టవిరుద్ధ సమ్మె. దానికి కార్మికుడికి వెయ్యి రూపాయల నుంచి 10,000 దాకా జరిమానా, లేదా నెల దాకా జైలు, లేదా రెండూ. రెచ్చగొట్టారని తేలితే 10,000 నుంచి 50,000 దాకా. యాజమాన్యం చట్టవిరుద్ధంగా లాకౌట్ చేస్తే, అంటే పని ఆపి గేటు మూసేస్తే, వాళ్లకు 50,000 నుంచి లక్ష దాకా జరిమానా. చట్టవిరుద్ధ సమ్మెకు జవాబుగా చేసిన లాకౌట్ మాత్రం చట్టవిరుద్ధం కాదు. మీరు నోటీసు ఎగ్గొట్టి సమ్మె చేస్తే, గేటుకు తాళం వేసే హక్కు మీ చేత్తో మీరే వాళ్లకు ఇచ్చినట్టు.

అయిదో అడుగు: చర్చల బల్ల దగ్గర

చట్టంలో రాజీ ప్రక్రియ అంటారు, మనం లేబర్ ఆఫీసు చర్చలు అంటాం. చాలామందికి ఇక్కడే అపోహ. ఆఫీసరు తీర్పు చెప్తారనుకుని వెళ్తారు, చెప్పకపోతే "ఆయన వాళ్ల మనిషి" అని తిట్టుకుంటూ వస్తారు. రాజీ అధికారి జడ్జి కాదు. రెండు పక్షాలను ఒక చోట కూర్చోబెట్టి ఒప్పందానికి తేవడం ఆయన పని. కానీ ఆయన చేతులు కట్టేసి ఏమీ లేవు. యాజమాన్యాన్ని రమ్మని పిలిచి, మస్టర్లూ (హాజరు పట్టీలు) వేతన రిజిస్టర్లూ తెప్పించే అధికారం ఉంది. ఆ అధికారాన్ని ఆయన చేత వాడించుకోవడం మీ పని. మీటింగ్ ముందే ఒక కాగితం ఇవ్వండి: ఫలానా నెలల మస్టర్, వేతన రిజిస్టర్, పీఎఫ్ చలాన్లు, కాంట్రాక్టరు లైసెన్స్ తెప్పించండి అని.

ఈ చర్చల్లో లాయర్లకు చోటు లేదు. ఎవరైనా నల్లకోటు వేసుకుని వచ్చి కూర్చుంటే మర్యాదగానే అభ్యంతరం చెప్పండి, ఆ అభ్యంతరాన్ని మినిట్స్‌లో, అంటే మీటింగ్‌లో జరిగింది రాసే కాగితంలో, రాయించండి. అలాగే ఏ నిర్ణయమూ తీసుకునే అధికారం లేని ఒక హెచ్‌ఆర్ కుర్రాడిని పంపి "మా సార్‌ను అడిగి చెప్తాను" అనిపించడం యాజమాన్యాలకు అలవాటు. సంతకం పెట్టే అధికారం ఉన్నవాళ్లు రావాలని మొదటి రోజే అడగండి.

మీ వైపు నుంచి ముగ్గురో నలుగురో చాలు. ఒక్కరే మాట్లాడాలి. ఒకరు రాసుకోవాలి. మూడోవాళ్లు పనిచేసే చోటు సంగతులు అరచేతిలో రేఖల్లా తెలిసినవాళ్లు అయి ఉండాలి. ఎందుకో చెప్తాను.

ఒక రొయ్యల ప్లాంటు గొడవలో నేను చూసింది. కిలో లెక్కన కూలి. మీటింగ్‌లో కంపెనీ తెచ్చిన రిజిస్టర్ ప్రకారం మా వెంట వచ్చిన ఒక అక్క ఆ నెలలో 19 రోజులే పనికి వచ్చింది. "19 రోజులే వచ్చి పూర్తి నెల అడిగితే ఎలా అమ్మా?" అన్నాడు వాళ్ల మేనేజరు. ఆ అక్క ఏమీ మాట్లాడకుండా చీర కొంగు ముడి విప్పి చిన్న నోట్‌బుక్ తీసింది. షెడ్డులో తడికి అట్ట ఉబ్బిపోయి, పేజీల అంచులు ముడుచుకుపోయి ఉంది. ప్రతిరోజూ ఒక గీత, పక్కన కిలోలు, ఏ మేస్త్రీ తూకం వేశాడో అతని పేరులో మొదటి అక్షరం. ఆమె చదువుకున్నది మూడో తరగతి. లెక్కపెడితే 26 రోజులు. ఆఫీసర్ ఆ పుస్తకాన్ని చేతిలోకి తీసుకుని పేజీ పేజీ తిప్పి చూశారు, తర్వాత కంపెనీ రిజిస్టర్ వైపు చూశారు, ఏమీ అనలేదు. ఆ మధ్యాహ్నమే కంపెనీ ఆ నెల లెక్క మొత్తం మళ్లీ చూస్తామంది. అప్పటి నుంచి నేను ఏ షెడ్డుకు వెళ్లినా మొదట చెప్పే మాట, పది రూపాయల నోట్‌బుక్ కొనుక్కోండి అని.

యాజమాన్యం ఎప్పుడూ వాడే మాట "ఆర్డర్లు లేవు". 2025 ఆగస్టులో అమెరికా సుంకాలు 50 శాతానికి పెరిగాక రొయ్యల వైపు ఈ మాట మరీ ఎక్కువ వినిపించింది. నిజంగా కష్టం ఉండొచ్చు కూడా. అది అబద్ధమని వాదించకండి. "అయితే ఎగుమతి లెక్కలు, గత మూడేళ్ల ఉత్పత్తి లెక్కలు తెప్పించండి సార్, చూసి మాట్లాడదాం" అని అధికారి వైపు తిరిగి అడగండి. లెక్కలు తెస్తే కష్టం ఎంతో మీకూ తెలుస్తుంది, తేకపోతే ఆ మాట బరువు తగ్గిపోతుంది.

మాట పడ్డా తిరిగి తిట్టొద్దు. బల్ల గుద్దొద్దు. కడుపు మండుతూనే ఉంటుంది, నాకు తెలుసు. ఒకసారి మావాడొకడు కోపంలో అన్న ఒక్క మాటను అవతలివాళ్లు మినిట్స్‌లో రాయించి, చర్చలు చెడింది కార్మికుల ప్రవర్తన వల్లే అని చూపించుకున్నారు.

వాయిదాల సంగతి. "వచ్చే నెల చూద్దాం" అంటే ఒప్పుకోకండి. వారం లోపల తేదీ అడగండి. ఎవరు వాయిదా కోరారో మినిట్స్‌లో ఉండేలా చూసుకోండి. మినిట్స్ పూర్తిగా చదవకుండా సంతకం పెట్టొద్దు. ఇంగ్లీషులో ఉంటే తెలుగులో చదివి చెప్పమనండి, అధికారులు చెప్తారు. మీరు ఒప్పుకోని మాట అందులో ఉంటే సంతకం పక్కనే "ఈ అంశానికి మేం అంగీకరించలేదు" అని సొంత చేత్తో రాయండి.

ఒక ధైర్యం చెప్పాలి. చర్చలు నడుస్తున్నప్పుడు మీ గొడవకు సంబంధించిన పని షరతులను యాజమాన్యం మీకు నష్టం కలిగేలా మార్చకూడదు. ఆ గొడవ విషయంలో మిమ్మల్ని ఉద్యోగంలోంచి తీసేయాలన్నా అధికారి ముందస్తు అనుమతి కావాలి. షిఫ్టు మార్చినా, దూరం యూనిట్‌కు పంపినా, కూలి తగ్గించినా అదే రోజు అధికారికి రాతపూర్వకంగా చెప్పండి.

రాజీ కుదరకపోతే అధికారి రిపోర్టు ఇస్తారు. మనవాళ్లు దాన్ని ఫెయిల్యూర్ రిపోర్టు అంటారు. పాత చట్టంలో అయితే ఆ తర్వాత ప్రభుత్వం కేసును లేబర్ కోర్టుకు పంపే దాకా ఎదురుచూడాలి, అందులో ఏళ్లు గడిచిపోయిన కేసులున్నాయి. ఇప్పుడు రిపోర్టు అందిన 90 రోజుల్లో మీరే నేరుగా ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు. కొత్త చట్టంలో మనకు పనికొచ్చే మంచి ఇది. అయితే ట్రిబ్యునల్‌కు వెళ్తే ఆ కేసు నడిచినన్నాళ్లు సమ్మె చేయలేరని పైన చెప్పాను కదా. కేసా, సమ్మెనా అన్నది ఆ 90 రోజుల్లో అందరూ కలిసి ఆలోచించి తేల్చుకోండి.

ఆరో అడుగు: సమ్మె చేయాల్సి వస్తే

సమ్మె ప్రాథమిక హక్కు కాదని సుప్రీంకోర్టు 1962లోనే, కామేశ్వర్ ప్రసాద్ కేసులో చెప్పింది. అదే తీర్పులో శాంతియుతంగా ప్రదర్శన చేయడం వేరని, దాన్ని పూర్తిగా నిషేధించకూడదని కూడా చెప్పింది. అంటే చట్టం చెప్పిన దారిలో వెళ్లినప్పుడే సమ్మెకు రక్షణ ఉంటుంది.

గేటుకు అడ్డంగా కూర్చోకండి, లారీలు ఆపకండి, మేనేజరు కారు చుట్టుముట్టకండి. ఘెరావ్, పని గంటలయ్యాక లోపలే బైఠాయించడం, కావాలని నిదానంగా పనిచేయడం చట్టం దృష్టిలో మన వైపు నుంచి అన్యాయమైన కార్మిక పద్ధతులు. వాళ్ల వైపు నుంచీ అలాంటివి ఉన్నాయి: సంఘంలో చేరితే తీసేస్తామని బెదిరించడం, చట్టబద్ధమైన సమ్మె జరుగుతుండగా కొత్తవాళ్లను పనిలో పెట్టుకోవడం. బయటినుంచి కొత్త కూలీలను వ్యాన్‌లో తెస్తే ఫోన్‌లో తేదీ, సమయం కనపడేలా ఫోటో తీసి అధికారికి పంపండి. ఆ కూలీలతో గొడవ పెట్టుకోకండి, వాళ్లూ మనలాంటివాళ్లే, వాళ్లకు ఎక్కడికి వచ్చామో కూడా తెలీదు.

సమ్మె రోజులకు జీతం రాదనుకునే దిగండి. ఇంట్లో ముందే చెప్పండి. కిరాణా కొట్లో ఖాతా ఉంటే ముందే మాట్లాడి పెట్టుకోండి. చంటిపిల్లలు, జబ్బుపడ్డవాళ్లు ఉన్న ఇళ్లు ఏవేవో సంఘం ముందే రాసి పెట్టుకుని, చందా మొదట వాళ్లకు అందేలా చూడాలి. మా రెండో సమ్మె పదహారు రోజులు నిలబడింది ఈ ఏర్పాటు వల్లే.

ప్రభుత్వంలో, ప్రభుత్వ పథకాల్లో పనిచేసేవాళ్ల దారి ఇంకొంచెం ఇరుకు. 2003లో రంగరాజన్ కేసులో ప్రభుత్వ ఉద్యోగులకు సమ్మె హక్కు లేదని సుప్రీంకోర్టు చెప్పింది. 2023 డిసెంబర్ 12న మొదలైన మన అంగన్‌వాడీ వర్కర్ల సమ్మె మీద 2024 జనవరి 6న రాష్ట్ర ప్రభుత్వం ఎస్మా (అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే చట్టం) ప్రయోగించింది. అయినా వాళ్లు వెనక్కి తగ్గలేదు, ఆ సమ్మె 42 రోజులు నడిచి చివరికి చర్చలతోనే ముగిసింది. మీరు ఆ రంగంలో ఉంటే ఎస్మా ఉత్తర్వు ఉందో లేదో చూసుకున్నాకే తేదీ ప్రకటించండి.

ఏడో అడుగు: ఒప్పందం కుదిరాక

రాజీ అధికారి సమక్షంలో కుదిరిన ఒప్పందం అక్కడ పనిచేసే అందరికీ వర్తిస్తుంది, సంఘంలో లేనివాళ్లకూ, తర్వాత చేరేవాళ్లకూ. పెద్దలు దీన్నే ఇప్పటికీ 12(3) అగ్రిమెంట్ అంటారు, పాత చట్టంలో సెక్షన్ నంబరు అది. ఆఫీసు బయట, హోటల్లో కూర్చుని రాసుకున్న ఒప్పందం సంతకం పెట్టినవాళ్లనే కట్టిపడేస్తుంది. అందుకని రాత్రి తొమ్మిదింటికి "రేపు ఆఫీసుకు వెళ్లడం ఎందుకు, ఇక్కడే రాసుకుందాం" అంటే ఒప్పుకోకండి.

ఒప్పందంలో ప్రతి మాట పక్కనా తేదీ, రూపాయి ఉండాలి. "త్వరలో పెంచుతాం" అన్న మాటకు విలువ లేదు. "ఫలానా నెల జీతం నుంచి రోజుకు ఇంత" అని ఉండాలి. సమ్మె కాలంలో ఎవరి మీదా చర్య తీసుకోం, ఇచ్చిన చార్జిషీట్లు ఉపసంహరించుకుంటాం అన్న వాక్యం తప్పకుండా రాయించండి. దాన్ని మర్చిపోయి వచ్చిన వాళ్లను నేను చూశాను. రెండు నెలలకు ముగ్గురు ఇళ్లలో కూర్చున్నారు.

ఒప్పుకున్న డబ్బు గడువులోపు ఇవ్వకపోతే ఏడాదిలోపు వసూలుకు దరఖాస్తు చేయండి. ప్రభుత్వం సర్టిఫికెట్ ఇస్తే భూమి శిస్తు బకాయిలు వసూలు చేసినట్టే కలెక్టర్ ద్వారా వసూలవుతుంది. ఒప్పందం జిరాక్సులు పదో పదిహేనో తీయించి, ఒకటి గేటు దగ్గర టీకొట్టు గోడకు అంటించండి. డబ్బు రావాల్సిన తేదీకి వారం ముందే మీ కార్యదర్శి ఫోన్‌లో అలారం పెట్టించండి.